స్వామి బొమ్మ ఉన్న ప్రోగ్రాం

తిరుపతిలో ఇల్లున్నవాడికి చుట్టాల కొరత ఉండదు. కొర్లగుంటలో ఉండే యోగానందకు ఇల్లూ ఉంది, ఇంట్లో కంప్యూటరూ ఉంది. కాబట్టి మూడు నెలల తర్వాతి దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో వదిలే రోజున ఆ ఇంట్లో టిఫిను పని తొందరగా ముగుస్తుంది. టికెట్లు వదిలేది పదింటికి. ఆయన తొమ్మిదింటికే వచ్చి కుర్చీలో కూర్చుంటాడు. పుత్తూరు, చిత్తూరు, మదనపల్లె, వేలూరుల్లో ఉన్న చుట్టాల పేర్లు, వయసులు, ఆధార్ నంబర్లు ఒక్కొక్కటే టైపు చేస్తాడు. ఎవరికి దొరికాయో, ఎవరికి దొరకలేదో మధ్యాహ్నం ఫోన్లు చేసి చెబుతాడు. నీటిపారుదల శాఖలో సూపరింటెండెంటుగా చేసి రిటైరైన మనిషి. ఈ పని ఎవరూ అప్పగించలేదు, ఆయనే మీద వేసుకున్నాడు.

ఫోన్లో తీసి పంపే కార్డు ఫొటోల్లో మూడేదో ఎనిమిదేదో తెలియదు. అందుకని ఇంటికి వచ్చిన చుట్టాలందరి ఆధార్ కార్డులూ ఆయన స్కానర్ మీద పెట్టి కాపీలు తీసుకున్నాడు. అవన్నీ కంప్యూటర్‌లో 'దర్శనం' అనే ఫోల్డర్‌లో ఉన్నాయి. ఎందుకని ఎవరూ అడగలేదు. యోగానంద దగ్గర ఉంటే బీరువాలో ఉన్నట్టే అనుకున్నారు.

కిందటి నెలలో, టికెట్లు వదలడానికి కొన్నాళ్ళ ముందు, ఆయన ఫోనుకు ఒక మెసేజ్ వచ్చింది. అది వచ్చింది తనలాగే చుట్టాలకు టికెట్లు తీసిపెట్టేవాళ్ళు కొందరు కలిసి పెట్టుకున్న గ్రూపులో. మెసేజ్ పైన 'ఓం నమో వేంకటేశాయ' అని ఉంది. కింద ఒక లింకు. ఈ ప్రోగ్రాం వేసుకుంటే కంప్యూటర్ వేగం పెరుగుతుందని, ఒక్క నొక్కుతో భక్తుల పేర్లన్నీ వాటంతటవే నిండుతాయని రాసి ఉంది. ఎలా వేసుకోవాలో వరుసగా చెప్పారు. మొదట కంప్యూటర్‌లో వైరస్‌ను ఆపే రక్షణ తీసేయాలి, అది వేగాన్ని తగ్గిస్తుంది అని ఉంది. యోగానంద ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ సర్క్యులర్‌లో రాసిన క్రమం తప్పలేదు. ఇప్పుడూ తప్పలేదు. కంప్యూటర్‌లో రక్షణ తీసేసి, లింకు తెరిచాడు. తెర మీద స్వామి బొమ్మ వచ్చింది. కుర్చీలోంచి లేచి, చెప్పులు విడిచి, దండం పెట్టి, ఓకే నొక్కాడు.

ఆ మర్నాటి నుంచి కంప్యూటర్ బరువెక్కింది. స్విచ్ వేసి స్నానానికి వెళ్ళి వచ్చినా ఇంకా తెరుచుకుంటూనే ఉండేది. లోపల ఫ్యాను మోత ఆగేది కాదు. ఏ పేజీ తెరిచినా పక్కన పేకాట ప్రకటనలు వచ్చేవి. టికెట్లు వదిలిన రోజు దేవస్థానం పేజీ తెర మీదికి పూర్తిగా వచ్చేసరికి టికెట్లు అయిపోయాయి. ఆయన ఒక్క పేరు కూడా టైపు చేయలేకపోయాడు.

చిత్తూరులో ఉండే తోడల్లుడు జయరావు ఆ సాయంత్రం ఫోన్ చేశాడు.

"తిరపతిలో ఉండి టికెట్టు దొరకలేదంటే ఎట్లప్పా? మేము బెంగుళూరులో వాళ్ళను అడుక్కోవాల్నా?" అన్నాడు.

యోగానంద ఆ మాట పడ్డాడు. టికెట్లు వచ్చే నెలలో మళ్ళీ వదులుతారు. కానీ ఆ తర్వాత వచ్చిన ఫోన్ అలాంటిది కాదు. పుత్తూరు నుంచి చెల్లెలు వరలక్ష్మమ్మ చేసింది.

"అన్నా, ఎవుడో పోలీసంట. నా ఆధార్ కార్డుతో ఏదో పార్సిల్ పట్టుకున్నారంట. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఫోన్ పెట్టేసినా," అంది.

"మంచి పని చేసినావు," అన్నాడాయన. వివరాలు అడగాలనుకున్నాడు, అడగలేకపోయాడు. అడిగితే ఎందుకు అడుగుతున్నావంటుంది. ఫోన్ పెట్టేసి కంప్యూటర్ వైపు చూశాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. లింకు పంపినవాడు దొంగైతే వాడి చేతికి ఒక్క వరలక్ష్మమ్మ కార్డే పోయి ఉండదు. ఫోల్డర్‌లో ఉన్నవాళ్ళంతా తనను నమ్మి కార్డులిచ్చినవాళ్ళు. అందులో విధవలున్నారు, పింఛను మీద బతికేవాళ్ళున్నారు. ఎవరి ఖాతాలోంచి రూపాయి పోయినా దానికి దారి తన ఇంట్లోంచే వేసినట్టు. స్విచ్ ఆపేశాడు. ఆ తర్వాత ఒక్కసారి తప్ప దాన్ని మళ్ళీ ముట్టుకోలేదు. ఎవరితోనూ చెప్పలేదు. అన్నం దగ్గర కూర్చుని గోడవైపు చూస్తున్నాడని భార్య జ్ఞానాంబ గమనించింది గానీ, బీపీ అనుకుంది.

ఆదివారం పొద్దున వరలక్ష్మమ్మ కూతురు పల్లవి వచ్చింది. శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో కంప్యూటర్ల విభాగంలో పని చేస్తుంది. కంప్యూటర్ నెమ్మదించిందని మాత్రమే మేనమామ ఫోన్లో చెప్పాడు. దోశలూ ఊరిబిండి పచ్చడీ తిని, చేయి కడుక్కుని, కంప్యూటర్ ముందు కూర్చుంది. స్విచ్ వేసింది. వేచి చూసింది.

"ఏం మామా, దీనికి ఆయాసం వచ్చినట్టుండాదే," అంది.

"వయసైపోయింది కదా పాపా."

"నీకంటే చిన్నదే. ఎప్పట్నుంచి ఇట్లుండాది?"

"కొన్నాళ్ళుగా."

పల్లవి ఆయన ముఖం చూసింది. ఇంకేమీ అడగకుండా మొదట వెనక ఉన్న నెట్ వైరు పీకేసింది.

"నెట్ లేకుండా ఎట్ల చూస్తావు?" అన్నాడు యోగానంద.

"ఇప్పుడు నెట్‌తో పని లేదు. లోపల ఎవుడన్నా ఉంటే బయటోడితో మాట్లాడకుండా చేయాల ముందు."

ఏ ప్రోగ్రాం ఎంత పని చేస్తోందో చూపించే పట్టీ తెరిచింది. అన్నిటికంటే పైన ఒకే ఒక్క ప్రోగ్రాం ఉంది. కంప్యూటర్ శక్తి దాదాపు మొత్తం అదే తీసుకుంటోంది. దాని పేరు పక్కన వేలి గోరంత స్వామి బొమ్మ.

"ఇదేంది మామా? స్వామి ఈడేం చేస్తాండాడు?"

యోగానంద ఫోన్ తీసి మెసేజ్ చూపించాడు. పల్లవి మొదటి నుంచి చివరిదాకా చదివింది. తర్వాత కంప్యూటర్‌లో రక్షణ తీసేసి ఉండడం చూసింది.

"తీసేయమన్నాడు, తీసేసినావు."

"రాసుండాది కదా."

"దొంగోడు ముందుగా ఫోన్ చేసి కుక్కను కట్టేసుకోండి అంటే కట్టేసే మనిషివి నువ్వు."

వంటింట్లోంచి జ్ఞానాంబ అంది, "నేను చెప్తే ఒక్క పని చెయ్యరు. రాసిస్తే చేస్తారని నాకు తెల్దు పాపా. రేపట్నుంచి చీటీ రాస్తా."

పల్లవి నవ్వింది. యోగానంద నవ్వలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, గొంతు తగ్గించాడు.

"పాపా, ఇట్లాంటిది కంప్యూటర్‌లో ఉండే ఫైళ్ళు ఎత్తకపోతాదా?"

"ఏం ఫైళ్ళు?"

మౌస్ తీసుకుని ఫోల్డర్ తెరిచాడు. తెర నిండా ఆధార్ కార్డులు వచ్చాయి. పై వరుసలోనే వరలక్ష్మమ్మ కార్డు ఉంది. దాని పక్కన పల్లవిది.

పల్లవి మౌస్ తీసుకుని వరుసలన్నీ కిందిదాకా చూసింది.

"మీ అమ్మకు పోలీసని ఫోనొచ్చింది కదా," అన్నాడాయన. "కార్డు ఈడ్నుంచే పొయ్యిందేమోనని. మీ అమ్మదొక్కటే కాదు, అందరివీ."

"అదా నువ్వు పెట్టుకున్నది మనసులో," అంది పల్లవి. "అత్త బీపీ అనింది నాకు."

"ఏదో ఒకటి చెప్పు. పొయ్యుంటే పొయ్యిందనే చెప్పు."

"చూడనీ."

సంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసింది. అందులో వైరస్‌ను వెతికే సాధనం ఉంది. దాన్ని నడిపించింది. తెర మీద ఆకుపచ్చ గీత ఎడమ నుంచి కుడికి కదలడం మొదలైంది. యోగానంద దాన్నే చూస్తూ కూర్చున్నాడు. వీధిలో పూలమ్మే ఆమె కేక వేసింది. జ్ఞానాంబ వెళ్ళి బేరం చేసి, కొనకుండా తిరిగి వచ్చింది. గీత సగం దాటాక ఒక పేరు ఎర్రగా వచ్చింది. పల్లవి తన ఫోన్లో ఆ పేరు వెతికి చదివింది.

"మామా, ఇది ఫైళ్ళు ఎత్తకపోయేది కాదు. ఎవుడో దీని చేత కూలి పని చేయించుకుంటాండాడు. యాడనో కూర్చుని పెద్ద పెద్ద లెక్కలిస్తాడు. నీ కంప్యూటర్ రాత్రింబగళ్ళు ఆ లెక్కలు చేసిపెడతాది. దానికొచ్చే డబ్బులు వాడికి. కరెంటు బిల్లు నీకు. అందుకే ఆయాసం."

"కార్డులు?"

"ఇట్లాంటి ప్రోగ్రాంకు కార్డుల గోల తెల్దు. అయినా నువ్వు మాట నమ్మవు, కాగితం చూపించాల కదా నీకు. ఉండు."

ఆమె ఇంకో పేజీ తెరిచింది. గత ముప్పై రోజుల్లో ఏ ప్రోగ్రాం ఎంత నెట్ వాడిందో అందులో ఉంది.

"ఇది ఎవురు రాసినారు?" అన్నాడు యోగానంద ముందుకు వంగి.

"కంప్యూటరే రాసిపెట్టుకుంటాది."

"మరి చెప్పవేం ముందే."

స్వామి బొమ్మ ఉన్న ప్రోగ్రాం వాడింది తొమ్మిది ఎంబీ. పల్లవి 'దర్శనం' ఫోల్డర్ ఎంత ఉందో చూసింది. ఏడువందల ఎంబీ దాటి ఉంది. ఆమె ఆయన వైపు తిరిగింది.

"ఒక్కో కార్డు కాపీ ఏంది మామా ఇంత బరువుంది? గోడకు ఫ్లెక్సీ కట్టాలనుకున్నావా?"

"అంకెలు స్పష్టంగా ఉండాలని స్కానర్‌లో అన్నిటికంటే పెద్దది పెట్టినా."

"అయితే సూడు. బయటికి పొయ్యింది, లోపలికొచ్చింది అంతా కలిపి తొమ్మిది. వాడి లెక్కలకే అంత కావాల. నీ ఫోల్డర్ ఏడువందలు. దీంట్లోంచి అది యాడ పోతాది?"

యోగానంద రెండు అంకెలనూ చూశాడు. వేలు పెట్టి చూపిస్తూ ఇంకోసారి చూశాడు. మనిషి ఆఫీసులో కూర్చున్నట్టు కూర్చున్నాడు.

"పేకాట ప్రకటనలు తెచ్చేది ఇంకేదో ఉండాది కదా?"

"అది బ్రౌజర్‌లో అంటుకున్న ముక్క. నువ్వు తెరిచిన పేజీలు చూస్తాది, ఫోల్డర్ తెరవలేదు. అది వచ్చినాక బ్యాంకు పేజీ తెరిచినావా?"

"బ్యాంకు పని బ్యాంకులోనే. పాస్‌బుక్కు పట్టుకొని పోతా."

"టికెట్ల పేజీలో ఎవురి నంబరన్నా కొట్టినావా?"

"యాడ? పేజీ వచ్చేలోపల అయిపోయినాయి కదా. ఒక్క అంకె కొట్టలేదు. జయరావు నన్ను నానా మాటలూ అన్నాడు."

"ఆయనకు చెప్పు, టికెట్టు పోతే పోయింది, ఆయన నంబరు నిలిచిందని."

యోగానంద చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అంటే పోలేదంటావు."

"నూటికి నూరని ఎవురూ రాసివ్వరు మామా. కానీ నా కార్డూ అందులోనే ఉండాది. నేనైతే ఈ రాత్రి నిద్రపోతా."

ఆయన లేచి వరండాలోకి వెళ్ళాడు. గేటు పట్టుకుని నిలబడ్డాడు. వీధిలో పోతున్నవాడెవడో పలకరిస్తే సమాధానం చెప్పాడు, ఏం చెప్పాడో ఆయనకే తెలియదు. తిరిగి లోపలికి వచ్చేసరికి పల్లవి ప్రోగ్రాంను ఆపేసి, దాని బొమ్మను మౌస్‌తో పట్టుకుని తెర మూలనున్న చెత్తబుట్ట వైపు లాగుతోంది. ఆమె వెనక జ్ఞానాంబ నిలబడి ఉంది.

"ఆగు మే. స్వామిని చెత్తబుట్టలో ఏస్తావా?"

పల్లవి చేయి ఆగింది.

"అత్తా, ఇది స్వామి కాదు. దొంగోడు అంటించుకున్న బొమ్మ."

"ఎవుడు అంటిస్తే ఏమి? నామాలుండాయి, శంకుచక్రాలుండాయి. ఆదివారం పూట నా ఇంట్లో అట్ల చెయ్యొద్దు."

"మరి ఏం చేద్దాం? కపిలతీర్థంలో కలిపి వద్దామా?"

"ఎగతాళి చెయ్యొద్దు. మీ మామ మాత్రం? వారం కిందనే దాన్ని తీసేద్దామని పట్టుకొని, వదిలేసినారు. నేను సూసినా."

యోగానంద కాదనలేదు. ఆ రోజు తానూ అదే చెత్తబుట్ట దాకా లాగి, చేయి రాక వెనక్కి తెచ్చి పెట్టాడు. ఆ బొమ్మను పెట్టినవాడికి తిరుపతి మనుషులు బాగా తెలుసు.

పల్లవి నుదురు రుద్దుకుంది. తర్వాత ఆ ప్రోగ్రాం వివరాల్లోకి వెళ్ళి, దాని బొమ్మ మార్చే చోటు తెరిచింది. కంప్యూటర్‌లో ఉన్న బొమ్మలు వరుసగా వచ్చాయి. తాళం, గడియారం, దీపం, గొడుగు.

"ఏది కావాల అత్తా?"

జ్ఞానాంబ కళ్ళజోడు తెచ్చుకుని చూసింది. దీపం వద్దంది. గొడుగు మంచిదే, చెత్తలో ఎందుకంది. తాళం ఇంటికి శుభం కాదంది. చివరికి పేరు తెలియని ఒక చక్రాన్ని ఒప్పుకోబోయి, సుదర్శనంలా ఉందని వద్దంది. పల్లవి ఏమీ లేని తెల్లకాగితం బొమ్మ పెట్టింది. స్వామి పోయాడు. కాగితం మిగిలింది.

"ఇప్పుడు ఎయ్," అంది జ్ఞానాంబ.

పల్లవి వేసింది. బుట్ట ఖాళీ చేసింది. ప్రోగ్రాం దాచుకున్న మిగతా ముక్కలను పెన్‌డ్రైవ్‌లోని సాధనంతో తుడిచింది. బ్రౌజర్‌లో అంటుకున్నదాన్ని పీకేసింది. ప్రకటనలు పంపడానికి యోగానంద ఎప్పుడెప్పుడో సరే అని నొక్కిన సైట్లన్నిటికీ అనుమతి రద్దు చేసింది. కంప్యూటర్ తెరవగానే తమంతట తామే లేచే ప్రోగ్రాంలు బోలెడున్నాయి. అందులో ఎప్పుడో పారేసిన ప్రింటర్‌ది కూడా ఒకటి ఉంది. అవన్నీ ఆపింది. రక్షణ తిరిగి పెట్టింది. నెట్ వైరు తగిలించి, దానికి రావాల్సిన కొత్త మార్పులు రానిచ్చి, ఇంకోసారి మొత్తం వెతికించింది. ఎర్ర పేరు రాలేదు. ఆయన మెయిల్ పాస్‌వర్డ్‌ను తన ఫోన్ నుంచి మార్పించింది.

ఆఖరున స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, పెట్టె పక్క మూత విప్పింది. ఫ్యాను రెక్కల మీద దుమ్ము దూదిలా పట్టి ఉంది. యోగానంద గోడలకు రంగులేసినప్పుడు మిగిలిన బ్రష్షు తెచ్చి ఇచ్చాడు. రెక్క తిరక్కుండా వేలితో పట్టుకుని ఆమె దుమ్ము దులిపింది. మూత బిగించి స్విచ్ వేసింది.

యోగానంద అలవాటుగా లేవబోయాడు.

"యాడికి మామా?"

"తెరుచుకునేలోపల..."

తెరుచుకుంది. ఆయన తిరిగి కూర్చున్నాడు. దేవస్థానం పేజీ కొట్టాడు. వచ్చింది. మూసేసి మళ్ళీ కొట్టాడు. మళ్ళీ వచ్చింది. ఫ్యాను చప్పుడు కోసం చెవి పెట్టి విన్నాడు.

"ఇంగ అమ్మకు చెప్పే పని లేదులే," అంది పల్లవి బ్రష్షు పక్కన పెట్టి. "పోలేదు కాబట్టి."

యోగానంద కొంచెంసేపు ఆలోచించి, ఫోన్ తీసి చెల్లెలికే చేశాడు. జ్ఞానాంబ వినాలని స్పీకర్ పెట్టాడు. మెసేజ్ దగ్గర నుంచి తొమ్మిది ఎంబీ దాకా వరుసగా చెప్పాడు. అవతల వరలక్ష్మమ్మ మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు.

"అయితే ఆ పోలీసోడు చేసింది దీంతోనే అనుకొని ఇన్నాళ్ళూ కుమిలిపోతాండావా?" అంది చివరికి.

"వాడికి నీ ఆధార్ నంబరు తెలిసింది కదా మ్మా."

"తెలిసింటే నన్నెందుకు అడుగుతాడు అన్నా? కేసు చూడాల, నంబరు చెప్పమ్మా అన్నాడు. అది విన్నాకే నేను పెట్టేసినా. నంబరు వాడి దగ్గరుంటే వాడే చదువుకోడా?"

యోగానంద పల్లవి వైపు చూశాడు. పల్లవి అత్త వైపు చూసింది.

"ఆ మాట ఆరోజే చెప్పింటే," అన్నాడాయన.

"నువ్వు అడిగింటే కదా. మంచి పని చేసినావు అని టక్కున పెట్టేస్తివి. నా అన్న నాకు ధైర్యం చెప్పేదానికి రెండు మాటలు కూడా మాట్లాడలేదే అని నేను ఈడ ఏడుస్తాండా."

జ్ఞానాంబకు నవ్వు వచ్చి కొంగు అడ్డం పెట్టుకుంది. యోగానంద కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఫోన్ పక్కన పెట్టకుండానే మౌస్ పట్టుకున్నాడు. 'దర్శనం' ఫోల్డర్ మీద నొక్కి తీసేయమన్నాడు. నిజంగా తీసేయాలా అని కంప్యూటర్ అడిగింది. ఈసారి సమాధానం కోసం ఆయన ఎవరి వైపూ చూడలేదు.

"వరలక్ష్మీ, నీ కార్డు కాపీ తీసేసినా. అందరివీ తీసేసినా," అన్నాడు.

"మరి వచ్చే నెల నా టికెట్టు?"

"పది కొట్టేటప్పుడు నీకు ఫోన్ చేస్తా. నువ్వు నంబరు చదువు, నేను కొడతా. కొట్టినాక ఈడ ఏదీ ఉండదు."

"నేను కళ్ళజోడు వెతుక్కొని, కార్డు తీసి, చదివేటప్పటికి టికెట్లుంటాయా?"

"అయిపోతే అయిపోనీలే మ్మా."

అవతల వరలక్ష్మమ్మ, "వదినా, ఈ మాట అన్నది మా అన్నేనా?" అని అడిగింది.

"ఆయనే," అంది జ్ఞానాంబ.

యోగానంద ఫోన్ పెట్టేసి, చిత్తూరులో జయరావు నంబరు వెతకడం మొదలుపెట్టాడు.